మూడు రోజుల్లో మూడు ఆటలు ఆపండి: ఈసీహెచ్ఎల్ బోర్డుకు బహిరంగ లేఖ

ఈసీహెచ్ఎల్ ఐస్ హాకీ లీగ్ బోర్డు సభ్యులకు, జట్ల యజమానులకు, షెడ్యూలు తయారుచేసే అధికారులకు,

నమస్కారం.

రాబోయే సీజన్ షెడ్యూలు ఖరారు చేసేముందు మీరు ఒక్క విషయం తేల్చాలి. శుక్రవారం రాత్రి ఒక ఊళ్ళో, శనివారం రాత్రి ఇంకో ఊళ్ళో, ఆదివారం మధ్యాహ్నం మూడో ఊళ్ళో ఒకే జట్టుకు ఆట పెట్టే పద్ధతి ఆపండి. ఆదివారం ఆటలు తీసెయ్యమని మేం అనడం లేదు. పిల్లల్ని తీసుకుని కుటుంబాలు వచ్చేది ఆ పూటే, ఆ సంగతి టికెట్లు కొనేవాళ్ళకూ తెలుసు. మా అభ్యంతరం బస్సెక్కి ఊళ్ళు మారుతూ వరుసగా మూడు రోజులు ఆడించడం మీద.

దీని ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా పంపుతున్నాం. తెలుగులో ఎందుకంటే, ఉత్తర టెక్సస్‌లోని ఆలెన్, ప్లానో, ఫ్రిస్కో చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు కొల్లలు. ఈ లీగ్‌లోని మా ఊరి జట్టు ఆలెన్ అమెరికన్స్ ఆటకు వెళ్ళి, శుక్రవారం అంత బాగా ఆడినవాళ్ళు ఆదివారం కాళ్ళీడుస్తున్నారేమిటని అడిగేవాళ్ళు మనవాళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళకూ లోపలి లెక్క తెలియాలి.

కొత్తగా చదివేవారికి రెండు ముక్కలు. హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ గుర్తొస్తారు. ఇది మంచు మీద ఆడే హాకీ. ఉత్తర అమెరికాలో పైమెట్టు ఎన్‌హెచ్‌ఎల్, రెండో మెట్టు ఏహెచ్‌ఎల్, మూడో మెట్టు ఈసీహెచ్ఎల్. 1988లో ఐదు జట్లతో మొదలైనప్పుడు దీని పేరు ఈస్ట్ కోస్ట్ హాకీ లీగ్. ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉండేవి, తొలి సీజన్‌లో జట్టుకు 60 ఆటలు. 2003లో పడమటి జట్లు కలిశాయి, పేరులోని ఈస్ట్ కోస్ట్ పోయి పొడి అక్షరాలు మిగిలాయి. 2014లో సెంట్రల్ హాకీ లీగ్ జట్లు వచ్చి చేరాయి. ఆలెన్, తల్సా, విచిటా, ర్యాపిడ్ సిటీ అలా వచ్చినవే. ఇప్పుడు ఆటలు 72. దూరాలు పెరిగిన లీగ్‌లో ఆటలు తగ్గాలి. ఇక్కడ రెండూ పెరిగాయి.

క్యాలెండరు ముందు పెట్టుకుని చూడండి. అక్టోబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా దాదాపు 26 వారాంతాలు. క్రిస్మస్ సెలవులు, ఆల్‌స్టార్ విరామం పోగా శుక్ర, శనివారాలు కలిపి ఓ 50 వస్తాయి. ఇంకా 22 ఆటలు మిగిలాయి. వాటిని బుధవారం పెడితే ఆటగాడికి గురువారం కాస్త ఊపిరి ఆడుతుంది. ఆదివారం పెడితే మూడు రోజుల మోత తయారవుతుంది. బుధవారం జనం రారు, ఆదివారం వస్తారు. అరీనా మేనేజరు చేతిలో ఖాళీ తేదీలు ఎలాగూ తక్కువ. సంగీత కచేరీలు, పిల్లల ఐస్ షోలు, రోడియోలు, గ్రాడ్యుయేషన్లు ముందే బుక్కయి ఉంటాయి. ఐస్ షో ఒకటి వచ్చిందంటే సొంత జట్టు వారం పది రోజులు ఊరు వదలాల్సిందే. కాబట్టి ఈ మోత ఎవరి దుర్మార్గమూ కాదు. ప్రతి అరీనా తనకు వీలైన తేదీలు పంపుతుంది, వాటిని కలిపి కుట్టేటప్పుడు ఆటగాడి ఒంటికి ఓటు లేదు, అంతే.

ఇప్పుడు ఒక వారాంతం గంటగంటకూ చూద్దాం. కష్టమైనది కాదు, ఆలెన్ ఉన్న జట్ల విభాగమైన మౌంటెన్ డివిజన్‌లో సుఖమైన వారాంతాల్లో ఒకటి. శుక్రవారం ఆలెన్‌లో రాత్రి ఏడింటికి ఆట. తొమ్మిదీ నలభైకి ముగుస్తుంది. స్నానాలు, ఐసు కట్లు, తలకు దెబ్బ తగిలినవాళ్ళకు పరీక్ష, సామాను ఎక్కించడం అయ్యేసరికి పదకొండు. ఆలెన్ నుంచి తల్సా 240 మైళ్ళకు అటూ ఇటూ. మూడు దాటాక బస్సు దిగుతారు. ఆటగాళ్ళు హోటలుకు పోతారు. ఎక్విప్‌మెంట్ మేనేజరు మాత్రం అరీనాకు పోయి సంచులు దించి, తడి సామాను కొక్కేలకు తగిలించి, లోపలి బట్టలు ఉతికేసరికి తెల్లవారుతుంది. శనివారం రాత్రి తల్సాలో ఆట. మళ్ళీ అదే వరస. తల్సా నుంచి విచిటాకు దూరం ఇంచుమించు హైదరాబాదు, విజయవాడల మధ్య దూరమంత. రాత్రి రెండింటికి చేరతారు. ఆదివారం ఆట మధ్యాహ్నం రెండింటికైతే ఉదయం పదింటికల్లా భోజనం పెట్టాలి, పన్నెండింటికి అరీనాలో ఉండాలి. ఆటకూ ఆటకూ మధ్య పదహారు గంటల పైచిలుకు కనిపిస్తుంది గానీ, అందులో నిద్రపట్టేది ఐదారు గంటలు. భారీగా ఆడిన రాత్రి ఒళ్ళు చల్లబడి నిద్ర రావడానికే రెండు గంటలు పడుతుందని ఏ ఆటగాణ్ణి అడిగినా చెబుతాడు.

ఇది సుఖమైన వారాంతం అన్నాం. విచిటా నుంచి ర్యాపిడ్ సిటీకి పదిగంటల పైనే. ఆలెన్ నుంచి ఐడాహో జట్టు ఉన్న బోయిసీకి రోడ్డు మీద సుమారు 1600 మైళ్ళు. ఇంకో జట్టు టాహో అరీనా సముద్రమట్టానికి 6000 అడుగులకు పైన ఉంది. 700 అడుగులైనా లేని ఆలెన్ నుంచి పోయినవాడికి రెండో పీరియడ్‌కే (ఆటలో ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు) ఆయాసం మొదలవుతుంది.  

బస్సు డ్రైవరుకు ఈ దేశంలో చట్టం ఉంది. ఎనిమిది గంటలు వరుసగా విశ్రాంతి తీసుకున్నాక పది గంటలకు మించి ప్రయాణికుల బస్సు నడపకూడదు. డ్యూటీ పదిహేను గంటలు దాటాక స్టీరింగు పట్టకూడదు. అందుకే పది గంటలు దాటే ప్రయాణాలకు ఇద్దరు డ్రైవర్లు కావాలి, లేదా దారిలో రెండోవాడు వచ్చి ఎక్కాలి. బస్సు నడిపేవాడికి ఇంత లెక్క ఉండగా, దిగి గంటకు ఇరవై మైళ్ళ వేగంతో ఒకరినొకరు గుద్దుకునేవాళ్ళకు ఉండాల్సిన విశ్రాంతిని మాత్రం అరీనా ఖాళీ తేదీలకు వదిలేశాం.

మూడో ఆటలో ఏం చెడుతుందో మంచు మీద చూడాలి. ఇన్నేళ్ళుగా ఈ లీగ్‌లో ఆటకు దిగేది 16 మంది స్కేటర్లు, ఇద్దరు గోలీలు (గోలు కాపలాదారులు). మామూలుగా పదిమంది ఫార్వర్డ్‌లు (దాడి చేసేవాళ్ళు), ఆరుగురు డిఫెన్స్‌మన్ (వెనక కాపు కాసేవాళ్ళు). అరవై నిమిషాల ఆటలో మంచు మీద ఒకేసారి డిఫెన్స్‌కు రెండు చోట్లు, అంటే 120 నిమిషాలు. ఆరుగురికి పంచితే తలకు 20. ఒకడు దెబ్బ తిని కూర్చుంటే మిగతా ఐదుగురికి 24. శుక్రవారం ఒకరు, శనివారం ఇంకొకరు పోయారనుకోండి, ఆదివారం నలుగురు తలకు 30 నిమిషాలు ఆడాలి, లేదా ఫార్వర్డ్ ఒకణ్ణి వెనక్కి నిలబెట్టాలి. అలవాటు లేని ఆ ఫార్వర్డ్ వెనక్కి స్కేట్ చేస్తూ తిరగలేక ఎదుటివాడి చేతికి కర్ర తగిలిస్తాడు. రెండు నిమిషాల పెనాల్టీ. ఆదివారాల్లో హుకింగ్ (కర్రతో లాగడం), ట్రిప్పింగ్ (కాళ్ళకు అడ్డుపెట్టి పడేయడం) ఎక్కువ కనిపించేది ఇందుకే. కాళ్ళు అందనప్పుడు కర్ర అందుకుంటుంది.

రెండో పీరియడ్ మరీ ఘోరం. జట్లు వైపులు మారతాయి గనుక సొంత గోలు నుంచి బెంచీ దూరమవుతుంది. మామూలుగా ఒక షిఫ్టు, అంటే ఒక విడతలో మంచు మీద ఉండే సమయం, 45 సెకన్లు. అలసిన ఐదుగురు సొంత జోన్‌లో (తమ గోలు వైపు భాగంలో) చిక్కుకుంటే బెంచీదాకా పోయి మారే సందు దొరకదు, షిఫ్టు నిమిషంన్నర దాకా సాగుతుంది. ఊపిరి పీల్చుకుందామని పక్‌ను (ఆడే రబ్బరు బిళ్ళను) రింకు ఆ చివరికి తోసేస్తే ఐసింగ్ అనే తప్పు. ఐసింగ్ చేసిన జట్టు మనుషుల్ని మార్చకూడదనేది నియమం. అదే ఐదుగురు, అదే జోన్‌లో, ఆట తిరిగి మొదలుపెట్టే ఫేసాఫ్‌కు నిలబడాలి. ఎదుటి కోచ్ కొత్త కాళ్ళను దింపుతాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు. తర్వాత పది సెకన్లలో గోలు పడితే జనం గోలీని తిడతారు.

గోలీల సంగతి వేరే చెప్పాలి. ఇద్దరే ఉంటారు, మూడు ఆటలకు ఒకడు రెండుసార్లు నిలబడక తప్పదు. శనివారం ఉదయం ఏహెచ్‌ఎల్ నుంచి ఫోనొచ్చి ఇద్దరిలో ఒకణ్ణి తీసుకుపోతే, మూడు రోజులూ రెండోవాడే. బెంచీ మీద కూర్చోవడానికి ఆ ఊళ్ళో ఎవరో ఔత్సాహికుడైన గోలీని పిలుస్తారు. తుంటి కీలు లోపలికి తిప్పి మోకాళ్ళ మీద పడి లేవడం ఒక ఆటలో వందసార్లు జరిగే పని. గజ్జల కండరాలకు కోలుకునే వేళ ఇవ్వకపోతే చినుగుతాయి, చినిగితే వారాలు పోతాయి. జొనాథన్ క్విక్ రెడింగ్‌లో, బ్రేడెన్ హోల్ట్‌బీ సౌత్ కరోలైనాలో, జోర్డన్ బినింగ్టన్ కలమజూలో, ఈ లీగ్‌లోనే ఆడి పైకి పోయిన గోలీలు. ముగ్గురూ తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు గెలిచారు. పై లీగుల ముందు మీరు గొప్పగా చెప్పుకునే సరుకు ఇదే. ఆ సరుకును మీకు అప్పగించిన పై లీగుల జట్లూ ఆదివారం మధ్యాహ్నం దాన్ని ఎలా వాడుతున్నారో చూస్తూనే ఉంటాయి.

పై లీగుల పిలుపుల వల్ల ఇంకో చిక్కు. ఏహెచ్‌ఎల్ ట్రయౌట్ కాంట్రాక్టు (ఆడించి చూసేందుకు తీసుకునే ఒప్పందం) 25 ఆటల దాకా ఉంటుంది, మధ్యలో ఎప్పుడైనా వెనక్కి పంపొచ్చు. శనివారం పోయిన కుర్రాడు సోమవారం తిరిగొస్తాడు. ఈలోపు ఆదివారం ఆటకు 14 మంది స్కేటర్లతో దిగిన జట్లున్నాయి. అదనంగా నలుగుర్ని పెట్టుకోవచ్చు కదా అంటారేమో. ఇక్కడ జీతం వారం లెక్కన ఇస్తారు, జట్టు మొత్తానికి వారానికి ఇంతకు మించకూడదని పరిమితి ఉంది. అదనపు మనిషి అంటే ఎవరిదో జీతం కోయాలి. పైగా 260 ఆటలు దాటిన అనుభవజ్ఞులు జట్టుకు నలుగురే ఉండాలన్న నియమం. కుర్రాళ్ళకు చోటు దొరకాలని పెట్టిన మంచి నియమమే, కానీ మూడో ఆటలో పరుగెత్తకుండా తెలివితో నెట్టుకొచ్చే పాతకాపులు తగ్గుతారు.

ఇక సామాను. బయటివాళ్ళు పట్టించుకోనిది, లోపలివాళ్ళు రోజూ మోసేది ఇదే. ఆట అయ్యాక చెమటతో తడిసిన గ్లోవులు, షిన్‌ప్యాడ్లు, స్కేట్లు, గోలీ ప్యాడ్లు గాలి తగిలేలా విప్పి తగిలించి, ఫ్యాన్లు పెడితే ఆరడానికి పూర్తిగా ఒక రాత్రి కావాలి. మూడు రోజుల వారాంతంలో వాటిని తడిగానే సంచిలో కుక్కి బస్సు కింది అరలో పడేస్తారు. నాలుగు గంటలు అక్కడ ఉడుకుతాయి. దిగాక తొందరలో వేడిగాలి పెడితే గ్లోవు అరచేతి తోలు బిరుసెక్కి చిట్లుతుంది, స్కేటు బూటులో జిగురు వదులవుతుంది, మేకులు తుప్పు పడతాయి. తడి పోని గ్లోవుల్లోంచి, మోచేతి ప్యాడ్లలోంచి చర్మానికి స్టాఫిలోకాకస్ బాక్టీరియా అంటుకుంటుంది. ఒకడికి మోచేతి మీద ఎర్రటి గడ్డ లేచిందంటే ట్రైనరు చేతులు కడిగించడం, తువ్వాళ్ళు వేరుచేయడం మొదలుపెట్టాలి. లాకర్ రూములో అది పాకడానికి రెండు రోజులు చాలు.

స్కేటు పదును చూడండి. బ్లేడు అడుగున నిలువునా గాడి ఉంటుంది, ఎక్కువమందికి అర అంగుళం వ్యాసార్థంతో దాన్ని దింపుతారు. ఆ గాడికి రెండు పక్కలా ఉన్న అంచులే మంచును పట్టేవి. పక్‌కు అడ్డం పడ్డప్పుడు, గోలు కమ్మీకి తగిలినప్పుడు అంచు చితుకుతుంది. ఒక జత పదును పెట్టడానికి ఐదు నిమిషాలు వేసుకున్నా పద్దెనిమిది జతలకు గంటన్నర. ఇప్పుడు ఊడదీసే బ్లేడ్లు వచ్చాయి, ఒక్కొక్కరికి రెండు మూడు జతలు ముందే పదును పెట్టి ఉంచుకోవచ్చు. శుక్రవారం ఒక జత, శనివారం ఒక జత వాడేశాక ఆదివారానికి మిగిలేది తడి గుడ్డలో చుట్టి మరిచిపోయిన, అంచుల్లో తుప్పు చుక్కలు లేచినదే. ఎక్విప్‌మెంట్ మేనేజరు ఒక్కడే. ఆ ఒక్కడూ రెండు రాత్రులుగా నిద్రలేనివాడు. ఎడమ అంచు కుడి అంచు కంటే వెంట్రుకవాసి ఎత్తు వస్తే చాలు, మలుపులో ఆటగాడు జారి బోర్డులకు తగులుతాడు.

హెల్మెట్ల విషయం షెడ్యూలుకు బయటిదనిపించినా దాన్నీ ఇక్కడే చెబుతాం. 2025 డిసెంబరు చివర్లో ఆటగాళ్ళు సమ్మెకు దిగినప్పుడు ప్రయాణాలు, విశ్రాంతితోపాటు వినిపించిన ఫిర్యాదు ఒకరు వాడిన హెల్మెట్లు ఇంకొకరికి ఇవ్వడం గురించే. ఆ సమ్మె తర్వాతి ఒప్పందంలోని జీతాల అంకెల జోలికి మేం పోవడం లేదు, అది మీకూ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య సంగతి. కానీ అమెరికాలో హాకీ హెల్మెట్ మీద ఉండే హెచ్ఈసీసీ (హాకీ సామానును ధ్రువీకరించే సంస్థ) ధ్రువీకరణ తయారీ తేదీ నుంచి ఆరున్నరేళ్ళకు చెల్లిపోతుంది. తేదీ వెనక అంటించిన చీటీ మీదే ఉంటుంది. చెమట పీల్చి, ఎండి, మళ్ళీ పీల్చి లోపలి నురగ గట్టిపడుతుంది. నీలం హెల్మెట్ మీద ఎర్రరంగు పూస్తే ఆ రంగులోని ద్రావకం పెంకును బలహీనపరుస్తుంది. ప్రతి జట్టూ సీజన్ మొదట్లో ప్రతి హెల్మెట్ తయారీ తేదీని రాసి లీగ్‌కు పంపాలని నియమం పెట్టండి. ఒక పూట పని.

మంచు గురించి క్లుప్తంగా. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు, మందం అంగుళం నుంచి అంగుళంపావు. ఒకే అరీనాలో వరసగా మూడు ఆటలు పెడితే ఆటగాడికి మేలు, మంచుకు కొంత కష్టం. ప్రతి విరామంలో పోసే వేడినీళ్ళతో బోర్డుల పక్కన మంచు పేరుకుపోతుంది, గోలీ నిలబడే చోట పల్చబడుతుంది. అంచులు గీకడానికి, గుంటలు నింపడానికి సిబ్బందికి ఆదివారం ఉదయం మూడు గంటలు ఖాళీ ఇవ్వాలి. ఆ ఉదయం పిల్లల స్కేటింగ్‌కు, అద్దె ఆటలకు రింకు ఇచ్చేస్తే మధ్యాహ్నం పక్ గంతులేస్తుంది. టెక్సస్‌లో ఏప్రిల్ ఉక్కలో తలుపులు తెరిచారంటే అద్దాల మీద చెమ్మ కూడా తయారు.

ఇప్పుడు మీ వైపు లెక్క. జీతం వారానికి గనుక, అదే 26 వారాల్లో ఒక ఆట తగ్గిస్తే జీతాల ఖర్చు తగ్గదు, గేటు రాబడి తగ్గుతుంది. సీజన్‌ను వారం పొడిగిస్తే ఒక వారం జీతాలు, ఇళ్ళ అద్దెలు, అరీనా తేదీలు అదనం. యజమానుల వాదనలో గట్టి పాయింటు ఇదే, దీన్ని కొట్టిపారేయడం లేదు. అయినా 72ను 68 చేస్తే ఒక్కో జట్టు కోల్పోయే సొంతింటి ఆటలు రెండే, 36లో రెండు. ఏ రెండు పోవాలన్నది మీ ఇష్టం. అక్టోబరు, నవంబరు నెలల్లో అమెరికన్ ఫుట్‌బాల్ జోరులో ఉండగా సగం సీట్లు ఖాళీగా ఉండే మంగళ, బుధవారాలు అందరికీ తెలిసినవే. బయటి ఆటలు రెండు తగ్గితే బస్సు, ఇరవైనాలుగు మందికి పన్నెండు పధ్నాలుగు హోటలు గదులు, భోజనాలు మిగులుతాయి. మిగిలింది పోయినదానికి సరిపోతుందని చెప్పం. తేడా మీరు భయపడేంత ఉండదని మాత్రం మా నమ్మకం.

ఇది ఎవరూ చేయనిది కాదు. 2015-16 నుంచి కొన్నేళ్ళపాటు ఏహెచ్‌ఎల్ పసిఫిక్ డివిజన్‌లోని కాలిఫోర్నియా జట్లు మిగతావాళ్ళకంటే తక్కువగా, 68 ఆటలే ఆడాయి. పట్టికలో స్థానాలు పాయింట్ల శాతంతో తేల్చారు. తర్వాత లీగ్ మొత్తం 72 ఆటలకు మారింది. మీ లీగ్‌లోనే 2020-21లో 14 జట్లు ఆడాయి, అన్నీ ఒకే సంఖ్యలో ఆడలేదు, పాయింట్ల శాతమే వాడారు. లీగ్ విజేతకిచ్చే కెల్లీ కప్పు ఆ ఏడు ఫోర్ట్ వేన్ గెలిచింది. ఆ కప్పు విలువ తక్కువని ఎవరూ అనలేదు. ఇంకో మెట్టు కింద ఎస్‌పీహెచ్‌ఎల్ అనే లీగ్ మీకంటే తక్కువ ఆటలతోనే నడుస్తోంది. పైగా మీ దగ్గర ప్లేఆఫ్‌లు నాలుగు రౌండ్లు, ఒక్కోటి ఏడు ఆటల దాకా. చివరిదాకా పోయిన జట్టుకు 72 మీద ఇంకో 28 పడే అవకాశం ఉంది.

68కి ఒప్పుకోలేకపోతే కనీసం ఇది చేయండి. మూడు రోజులూ ఆట తప్పనప్పుడు శని, ఆదివారాలు ఒకే ఊళ్ళో, ఒకే ప్రత్యర్థితో పెట్టండి. అప్పుడు ఇద్దరూ సమానంగా అలిసినవాళ్ళే. శుక్రవారం ఇంట్లో పడుకుని ఆదివారం తాజాగా దిగే జట్టుకు దొరికే దొంగ లాభం పోతుంది. శనివారం రాత్రి సామాను తడిగా మూటకట్టే పని తప్పుతుంది. టికెట్లమ్మేవాళ్ళకు ఒకే ప్రత్యర్థి రెండుసార్లు వస్తే బోరు కొడుతుందనే బెంగ ఉంటుంది. నిజానికి ఒకే జట్టుతో రెండు రోజులు వరసగా ఆడితే మొదటి రోజు పగ రెండో రోజుకు తీరుతుంది, ఆట రంజుగా ఉంటుంది.

ఊరు మారక తప్పనప్పుడు 150 మైళ్ళు దాటితే, ఒక ఆట ముగిసిన వేళకూ తర్వాతి ఆట మొదలయ్యే వేళకూ మధ్య 20 గంటలు ఉండాలని రాసుకోండి. శనివారం తొమ్మిదిన్నరకు ముగిస్తే ఆదివారం ఐదున్నర. సాయంత్రం ఐదున్నర అంటే మర్నాడు బడి ఉన్న పిల్లలున్నవాళ్ళు గొణుగుతారు, నిజమే. అప్పుడు, శుక్రవారం దూరపు ఊళ్ళో ఆట లేకపోతే, శనివారం ఆటనే మధ్యాహ్నం మూడింటికి జరపండి, ఆదివారం రెండింటికి పెట్టినా లెక్క సరిపోతుంది.

బుధవారం ఉదయం పదిన్నరకు బడిపిల్లల కోసం పెట్టే ఆటలు చాలా జట్లకు అలవాటే. బస్సులకు బస్సులు పిల్లలు దిగుతారు, అరీనా కేకలతో దద్దరిల్లుతుంది. వారం మధ్యలో సీట్లు నిండే దారి ఇదొక్కటే కనిపిస్తోంది. జట్టుకు ఒకటి రెండుతో సరిపెట్టకుండా నాలుగు చేయండి, ఆ మేరకు ఆదివారాలు తేలికపడతాయి. కానీ ముందురోజు రాత్రి ఆట పెట్టి తెల్లారి పదిన్నరకు మళ్ళీ దింపకండి, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

మూడో ఆటకు మాత్రం 18 మందికి బదులు 20 మందిని దింపుకోనివ్వండి. ఆ ఇద్దరి ఆ వారం జీతం పరిమితిలో లెక్కించకండి. జట్టుకు ఖర్చు ఇద్దరి వారం జీతం, తలా కొన్ని వందల డాలర్లు. దానికి బదులుగా డిఫెన్స్‌లో ఏడోవాడు దొరుకుతాడు.

విజిటర్ల లాకర్ రూముకు కనీస ప్రమాణం రాసిపెట్టండి: రాత్రి ఎన్నింటికి చేరినా తలుపు తీసే మనిషి, ఇరవై మందికి సరిపడా కొక్కేలు, నేల మీద పెట్టే పెద్ద ఫ్యాన్లు నాలుగు, పనిచేసే వాషరూ డ్రయరూ రెండేసి, పదును పెట్టే యంత్రానికి విడిగా కరెంటు లైను. యంత్రం, ఫ్యాన్లు ఒకే లైను మీద పెట్టి బ్రేకరు పడిపోవడం, అర్ధరాత్రి ఎలక్ట్రీషియన్ కోసం వెతుక్కోవడం చిన్న అరీనాల్లో మామూలే. రిఫరీలు, లైన్స్‌మన్‌లు చాలామంది సొంత కార్లలో ఊరూరు తిరుగుతారు. బస్సులో కునుకు తీసే వీలు కూడా లేనివాళ్ళు కాబట్టి పైన చెప్పిన 20 గంటల నియమం వాళ్ళకూ వర్తించాలి.

చివరగా, పైసా ఖర్చులేని పని ఒకటుంది. షెడ్యూలు విడుదల చేసేటప్పుడు ప్రతి జట్టు పేరు పక్కన మూడు గడులు అచ్చువేయండి: మూడు రోజుల్లో మూడు ఆటలున్న వారాంతాలు ఎన్ని, అందులో ఊళ్ళు మారేవి ఎన్ని, సీజన్ మొత్తంలో బస్సు మైళ్ళు ఎన్ని. ఇవన్నీ షెడ్యూలు తయారుచేసేవాళ్ళ దగ్గర ముందే ఉంటాయి. టికెట్టు కొనేవాళ్ళు చూసుకుంటారు, ఆటగాళ్ళ ఏజెంట్లు చూసుకుంటారు, కుర్రాళ్ళను అప్పగించే ఎన్‌హెచ్‌ఎల్ జట్లూ చూసుకుంటాయి. మా జట్టుకే ఎందుకిన్ని అని యజమానులే మీ సమావేశంలో అడుగుతారు. ఈ మూడు గడులు వచ్చే షెడ్యూలుతోనే మొదలుపెట్టమని కోరుతున్నాం.

ఇట్లు,
ఈసీహెచ్ఎల్ ఆటను అనుసరించే తెలుగు అభిమానులు,
ఉత్తర టెక్సస్